మున్షీగారికి పడే కుక్క

దొర మూడు కుక్కల్నీ వరండా మెట్ల మీద వరసగా కూర్చోబెట్టించి, "మున్షీ, వీటిలో ఒకటి నీకు. ఏది కావాలో శనివారం పొద్దున చెప్పు" అన్నాడు. మిగతా రెండింటి సంగతీ అదే గొంతుతో చెప్పాడు. వాటిని తనే కాలుస్తాడు. బంగళా వెనక గొయ్యి తవ్వాలని కుక్కల్ని చూసే కోసకి అప్పటికే చెప్పాడు కూడా.

శ్రీరంగం చేతులు కట్టుకుని "చిత్తం" అన్నాడు. కోంటా కలప డిపోలో తొమ్మిదేళ్లుగా మున్షీగిరీ వెలగబెడుతున్నవాడి నోట ముందుగా వచ్చే మాట అదే. ఆలోచన దాని వెనక తీరిగ్గా వస్తుంది. ఆ మాట అన్నాక తుమ్మాడు. ఒకటి కాదు, ఏడు తుమ్ములు. కళ్లు దురదపెట్టి నీళ్లు కారాయి. అతనికి చిన్నప్పటి నుంచీ కుక్కలు పడవు. కుక్క పక్కన కాసేపు నిలబడితే తుమ్ములు, ఇంకాసేపుంటే ఛాతీలో పిల్లికూతలు, ఆపైన కూర్చున్న చోటి నుంచి లేవలేకపోవడం.

ఇది దొరకి తెలియంది కాదు. "నీ ఛాతీ సంగతి నాకు తెలుసు. అందుకే మూడు రోజులు గడువిస్తున్నా. మూడు జాతులున్నాయి, మూడింటినీ చూసుకో. నీకు పడేది తీసుకో" అన్నాడు హిందీలో, ఎంతో దయగా. ఆయన అడవి కొలువు ముగించుకుని ఓడెక్కి తన దేశం పోతున్నాడు. కుక్కల్ని అంత దూరం తీసుకుపోలేడు. గూడేల్లో ఇస్తే వాటిని వేటకి తిప్పుతారని ఆయన అనుమానం. బజారులో షావుకార్లు ముందే తప్పుకున్నారు. దొరగారి కుక్కకి రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పుకుంటారు? చివరికి మాంసం ముట్టనివాడూ, ఎదురు చెప్పనివాడూ అయిన మున్షీ మిగిలాడు. ఇది నీ నౌకరీకి బహుమానం అని దొర రెండుసార్లు చెప్పాడు.

కుక్కలకి దొర పెట్టిన పేర్లు ఉండనే ఉన్నాయి. డిపో కూలీలకి మాత్రం అవి నున్న కుక్క, గరుకు కుక్క, బొచ్చు కుక్క. నున్నది సుల్తాన్. ఎత్తుగా సన్నగా ఉంటాడు, ఒంటికి వెంట్రుక ఉందా లేదా అన్నట్టుంటుంది. గరుకుది బాబ్. పొట్టివాడు, ఎవరి పిక్క దొరుకుతుందా అని చూస్తుంటాడు. బొచ్చుది జూడీ. వేలాడే చెవులు, కాళ్లకి కూడా కుచ్చులు.

ఈ మూడింటికీ వెనకగా, మెట్ల కింద గొంతుక్కూర్చున్నవాడు కోస. కిష్టారం అవతల దోర్ల తెగవాళ్ల గూడెం అతనిది. పోయిన దసరాకి ముందు దొర అడవిలో టూరు పోతుంటే కుక్కల్ని మొయ్యడానికి బెగారికి పట్టుకొచ్చారు. బెగారికి కూలి ఉండదు, పెడితే తిండి. చిరుత ఎత్తుకుపోతుందని దొర కుక్కలు అడవిలో నడవవు, కావడిలో కూర్చుని మనిషి భుజం మీద పోతాయి. నాలుగు రోజులకని వచ్చిన కోసకి కుక్కలు మాలిమి అయ్యాయి. అదే అతని కొంప ముంచింది. "వీటికి నువ్వు అలవాటయ్యావు, ఉండు" అన్నాడు దొర. ఎనిమిది నెలలైంది. బాగా చేసినందుకు మనిషిని కట్టిపడేయడం ఈ సంస్థానంలో ఎవరికీ వింతగా తోచదు. నిజం చెప్పాలంటే శ్రీరంగానికీ తోచలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య అన్నపూర్ణమ్మ చేటలో బియ్యం అలాగే పట్టుకుని విన్నది.

"నా వంటింట్ల మాంసం, బొక్కలు ఉడకవు, ముందే చెప్తున్న."

"నేను ఉడకబెట్టమన్నానా?"

"మరి కుక్క మీతోని పప్పన్నం తింటదా? వద్దని చెప్పలేకపోయిన్రా?"

"దొర ఇస్తానంటే ఎట్లా వద్దంటానే? వద్దంటే మూడిటినీ కాలుస్తాడు."

ఆమె చేట దించి, రాళ్లు ఏరి పక్కన పెట్టింది. కాసేపటికి గొంతు తగ్గించి, "పోనీ ఆ నున్నదాన్ని తెచ్చుకోండి. బొచ్చే గదా ముక్కులకు పోయేది. బొచ్చు లేకుంటే ఇంకేంది బాధ?" అన్నది.

శ్రీరంగానికీ అదే సబబుగా తోచింది. డిపోలో అతని పని దుంగల మీద సుత్తితో సర్కారు ముద్ర వేయించడం, ఏ దుంగ ఎంత పొడుగో ఎంత చుట్టుకొలతో రాయడం. బెరడుతో ఉన్న టేకు దుంగలో పురుగూ దుమ్మూ దాక్కుంటాయి, బెరడు తీసిన దుంగ శుభ్రంగా ఉంటుంది. కుక్కైనా అంతే కదా అనుకున్నాడు. డిపో చౌకీదారూ అదే అన్నాడు, బజారులో బెల్లం అమ్మే ఆయనా అదే అన్నాడు. ఇంతమంది ఒక్కమాట మీద నిలవడం కోంటాలో అరుదు.

*

అయినా మున్షీ కదా, కొలవకుండా దేన్నీ ఒప్పుకోడు. ఊపిరి కొలవడానికి అతనికో పద్ధతి ఉంది. చిన్నప్పుడు పంతులు నేర్పిన పదిహేనో ఎక్కం ఒక్క గుక్కలో చివరిదాకా చెప్పగలిగితే ఊపిరి బాగున్నట్టు. మధ్యలో తెగితే, ఎక్కడ తెగిందో అంత బాగాలేనట్టు.

బుధవారం మధ్యాహ్నం కూలీలు అంబలి తాగడానికి పోయాక డిపో పాకలో బల్ల మీద కూర్చున్నాడు. కోస సుల్తాన్ని తాడుతో తెచ్చాడు. ఆ కుక్క మర్యాద తెలిసినట్టు వచ్చి పొడుగాటి మూతి అతని ఒడిలో పెట్టింది. శ్రీరంగం రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, కాసేపటికి ఒకటి దించి దాని మెడ మీద వేశాడు. నున్నగా, వెచ్చగా ఉంది. శనివారం ఈ మెడని ఏం చేస్తారో గుర్తొచ్చి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

అరగంట అయ్యాక ఎక్కం ఎత్తుకున్నాడు. పదిహేను నాలుగుల దగ్గర ఊపిరి తెగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి మూడు దాటలేదు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కోస గబగబా కుక్కని పాక బయటికి లాగి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు.

"నున్నదే పడకపోతే ఇంక నాకేం పడుతుంది?" అన్నాడు శ్రీరంగం నీళ్లు తాగి.

కోస తాడు కొసని వేలికి చుట్టుకుంటూ, "అయ్యా, ఒక కుక్క నీకాడికి వచ్చె, రెండు గోతులకు పాయె. మరి నేను ఇంటికి పోవచ్చునా?" అన్నాడు.

"పోక ఏం చేస్తావు? కుక్కలే లేకపోతే నీతో ఇక్కడ ఎవరికి పని?"

"మిరుగు కార్తె ఇంక పది రోజులు లేదు. మొదటి వాన పడ్డంక ఇత్తనం వెయ్యాలె. ఇంటికాడ నా పెండ్లాం దేవే ఒక్కతే ఉన్నది. నాగలి పట్టేటోడు లేడు. పోయినేడు కోత కూడ నేను లేను, సగం చేను పందులు తిన్నయి." ఇంత పొడుగు మాట కోస నోట శ్రీరంగం ఎప్పుడూ వినలేదు. అది చెబుతున్నంతసేపూ అతని మొహంలో ఒక వెలుగు ఉంది. "శనివారం పొద్దుగాల పోతే ఆదివారం సందెకు ఊర్ల ఉంట."

"పో, పో" అన్నాడు శ్రీరంగం తేలిగ్గా. ఇవ్వడం తన చేతిలో ఉన్నట్టే అన్నాడు.

గురువారం బాబ్ వంతు. వాడు ఒడిలోకి రాలేదు, బల్ల కింద కూర్చుని మున్షీ చెప్పు కొరికాడు. ఎక్కం ఆరుల దాకా నడిచింది. సుల్తాన్ కంటే మేలే. కానీ ఆరులతో బతుకు గడవదు.

శుక్రవారం పొద్దున జూడీ. దాని ఒంటి నిండా బొచ్చు చూస్తేనే శ్రీరంగానికి ముక్కు దురద పుట్టింది. అది ఎక్కి బల్ల మీద కూర్చుంది, తల తొడ మీద వాల్చి నిద్రపోయింది. అరగంట గడిచింది. ముప్పావుగంట గడిచింది. ఒక తుమ్ము వచ్చింది, అంతే. ఎక్కం ఎత్తుకుంటే పదిహేను పదులు నూట యాభై దాకా ఆగకుండా పోయింది. నమ్మకం కుదరక మళ్లీ చెప్పాడు. ఈసారీ తెగలేదు. పాక గుంజకి ఆనుకుని వింటున్న కోసని చూసి శ్రీరంగం పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. నలభై ఆరేళ్లలో ఒక కుక్క అతని ఒడిలో నిద్రపోవడం, అతను ఏడవకుండా ఉండడం అదే మొదలు. సంతోషం పట్టలేక జూడీ చెవి ఒకటి చేత్తో ఎత్తి చూశాడు, మళ్లీ పెట్టేశాడు.

*

ఆ సంతోషంతోనే బంగళాకి పోయి చెప్పాడు. దొర పెట్టెల మధ్య నిలబడి పుస్తకాలు సర్దిస్తున్నాడు. "జూడీయా? అందరూ సుల్తాన్ అనుకున్నారే" అని నవ్వి, బల్ల మీంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "నీ ఛాతీ గురించి ఆలోచించి ఇది రాసి పెట్టా. రేపు సంతకం చేస్తా."

అది పర్వానా. డిపో మున్షీకి ఇచ్చిన కుక్క బతికినన్నాళ్లూ దాని సాకుడు పని చూసేందుకు కోస అనే బెగారీని మున్షీ దగ్గరే ఉంచాలని, ఊరికి వెళ్లిపోతే పట్టి తేవాలని అందులో ఉంది. దాని తిండి వండడం, దాన్ని కడగడం, తిప్పడం అన్నీ అతనివే.

చదివిన వెంటనే శ్రీరంగానికి కలిగింది ఊరట. ఆ మాట దాచడం ఎందుకు. బొక్కలు కోస పాకలో ఉడుకుతాయి, అన్నపూర్ణ నోరు మూతపడుతుంది, కుక్క కడుపు నిండుతుంది, తన ఊపిరి తనకుంటుంది. "చిత్తం, హుజూర్ దయ" అన్నాడు మనస్ఫూర్తిగా, కాగితం తిరిగి దొర చేతికిస్తూ.

అతను మెట్లు దిగుతుంటే కింద కోస జూడీ చెవి తిరగేసి పిడుదులు ఏరుతున్నాడు. లోపలి మాటలు హిందీలో జరిగాయి, అతనికి తన పేరు ఒక్కటే అర్థమైంది.

"దొర నా పేరు తీసిండు. ఏమన్నడయ్యా?"

చెప్పాల్సింది శ్రీరంగమే. కాగితంలో ఉన్నది తన నోటితో తెలుగు చెయ్యాల్సి వచ్చేసరికి అది వేరేగా వినిపించింది. "జూడీ నా దగ్గరికి వస్తుంది. నువ్వు కూడా నా దగ్గరే ఉండాలట. అది ఉన్నన్నాళ్లూ."

కోస వేళ్లు ఆగాయి. రెండు గోళ్ల మధ్య ఒక పిడుదు ఉంది. దాన్ని మెట్టు రాయి మీద పెట్టి, బొటనవేలి గోరుతో నలిపాడు. నలిగాక కూడా చాలాసేపు గోరు తియ్యలేదు.

"దీనికి మూడేండ్లు" అన్నాడు. "ఇంక పదేండ్లు బతుకుతది."

ఆపైన రెండో చెవి తిరగేసి మళ్లీ ఏరడం మొదలుపెట్టాడు. అతను కేకలేసి ఉంటే శ్రీరంగానికి బాగుండేది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయినా చిత్రం కోసా, ఇంత బొచ్చున్నది నాకు పడింది, నున్నది పడలేదు" అన్నాడు.

"చిత్రమేముంది? దీన్ని దినాము శబరి ఏట్ల ముంచి కుంకుళ్లతోని కడుగుత. లేకుంటే బొచ్చుల పిడుదులు పడతయి. బాబ్ కరుస్తడు, వానికి వారానికి ఒకపాలి. సుల్తాన్ ఏట్లకే దిగడు, నేను వచ్చినకాడి నుంచి వాన్ని కడిగిందే లేదు." చెవి వదిలి కోస అతని వంక చూశాడు. "కుక్కల ఏం లేదయ్యా. కడిగితె పడతది. కడగకపోతె పడదు."

శ్రీరంగం మెట్టు మీద కూర్చున్నాడు. మూడు రోజులు తను ఎక్కం పెట్టి కొలిచింది కుక్కల్ని కాదు. నాలుగులు, ఆరులు, పదులు అన్నీ ఈ మనిషి చేతుల కొలతలు. ఏ జాతి తనకి పడుతుందో వెతుకుతున్నాననుకుని, ఎవరిని కట్టేస్తే తనకి ఊపిరాడుతుందో వెతికాడు. దొరికాడు కూడా.

"నన్ను ఏం చెయ్యమంటావు? నువ్వే చెప్పు" అన్నాడు చివరికి.

"నేనేం చెప్పాలె? మూడిటిని కాలిస్తె నేను పోత. కాల్చమని చెప్పలేను, నా చేత్తోని తిండి పెట్టిన. కాల్చొద్దని చెప్పలేను, నా చేను బీడు పడతది." పార తీసుకుని లేచాడు. "గొయ్యి ఇంక మూరెడు తవ్వాలె. ఇయ్యాల దీన్ని కడుగుడు కాదు."

*

ఆ సాయంత్రం శ్రీరంగం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. అన్నపూర్ణమ్మకి అంతా చెప్పాడు. పనివాడు కూడా వస్తున్నాడని విన్నప్పుడు ఆమె మొహం విప్పారింది. మిగతాది విన్నాక ముడుచుకుంది.

"వద్దని చెప్పండి. కుక్క వద్దు, మనిషి వద్దు."

"మూడూ చస్తాయి."

"చావనీయండి. మీకు ఊపిరాడకుంటే కూసోబెట్టి వీపు రాసేది నేను. దొర వచ్చి రాయడు, ఆ కోస వచ్చి రాయడు."

"కుక్కని తెస్తాను. కోసని వద్దంటాను" అన్నాడు శ్రీరంగం. ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా తను అలా అంటాడని అతనికే తెలియదు. "నేనే కడుక్కుంటా. నాకు చేతులు లేవా?"

ఆమె ఆ చేతుల వంక చూసింది. మజ్జిగ పోసింది.

శనివారం తెల్లవారేసరికి బంగళా ముందు పెట్టెల బండ్లు ఆగి ఉన్నాయి. దొర టోపీ పెట్టుకుని, తుపాకీ మోకాళ్ల మీద వేసుకుని వరండాలో టీ తాగుతున్నాడు. తను దొరని ఏం అడగబోతున్నాడో శ్రీరంగం మెల్లగా చెబితే విని, కోస సుల్తాన్నీ బాబ్నీ తాళ్లతో వెనక్కి తీసుకుపోయాడు. అవి తోక ఊపుకుంటూ వెళ్లాయి. జూడీ మెట్టుకి కట్టేసి ఉంది. నిన్న స్నానం లేక, గొయ్యి మట్టిలో పొర్లి, బొచ్చు అట్టలు కట్టింది.

శ్రీరంగం తొమ్మిదేళ్లలో మొదటిసారి చిత్తం అనకుండా మాట మొదలుపెట్టాడు. "హుజూర్, నాకు మనిషి అక్కర్లేదు. కుక్కని నేనే చూసుకుంటాను."

దొర కప్పు దించాడు. "నీ ఛాతీ?"

"జూడీ నాకు పడింది హుజూర్."

"నౌకరు లేకుండా? చూద్దాం. ఎత్తుకో" అన్నాడు దొర. శ్రీరంగం వంగి తాడు విప్పి, కుక్కని ఎత్తి ఛాతీకి ఆనించుకున్నాడు. బరువుగానే ఉంది. "నేను వచ్చేదాకా దించకు" అని దొర తుపాకీ తీసుకుని బంగళా వెనక్కి నడిచాడు.

మట్టి వాసన, కుక్క వాసన ముక్కులోకి పోతున్నాయి. తుమ్ము వచ్చింది, పళ్లు బిగించి మింగాడు. గొంతులో గరగర మొదలైంది. మొదటి తుపాకీ దెబ్బ వినబడింది. జూడీ ఒక్క ఉదుటున పైకి పాకి, మూతి అతని మెడ కిందికి దూర్చింది. గోళ్లు చొక్కా చించుకుని చర్మంలో దిగాయి. దించితే పారిపోతుంది, పారిపోతే దొర దాన్నీ వదలడు. వాటేసుకున్నాడు. ఊపిరి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదు. రెండో దెబ్బ ఎంతకీ వినబడలేదు. అది వినబడేలోగా తను పడిపోతాడని శ్రీరంగానికి గట్టిగా అనిపించింది. వంటింట్లో ఒంటరిగా కూర్చున్న అన్నపూర్ణ గుర్తొచ్చింది, చావు భయం వేసింది. అప్పుడు వినబడింది.

దొర తిరిగి వచ్చి తుపాకీ గొట్టం గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మున్షీ మొహం వంక చూడలేదు. ఆ పొద్దున ఎవరి మొహమూ చూసేలా లేడు. "బాగానే ఉందా?" అన్నాడు. శ్రీరంగం నోరు తెరిస్తే దగ్గు వస్తుంది. తల ఊపాడు. దొర జేబులోంచి పర్వానా తీసి, రెండుగా చించి, టీ కప్పు కింద పళ్లెంలో వేసి లోపలికి పోయాడు.

శ్రీరంగం మెట్ల పక్కకి పోయి కూలబడి దగ్గాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కోస ఉన్నాడు. మోచేతుల దాకా మట్టి. గొయ్యి పూడ్చి వచ్చాడు. అప్పుడే గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

"పొమ్మన్నడా?"

శ్రీరంగం చెయ్యి ఊపాడు, పొమ్మని.

కోస జూడీని ముట్టుకోలేదు. అది తాడు లాగుతున్నా దాని వంక చూడలేదు. "చెవులల్ల నీళ్లు పోనియ్యకయ్యా. పోతె చీము పడతది" అన్నాడు. రెండడుగులు వేసి, "కుంకుళ్లు ముందే నానబెట్టుకో" అన్నాడు. ఆ తర్వాత తిరిగి చూడలేదు. బండ్ల దారి వదిలి కిష్టారం వైపు అడ్డదారిలో, పరుగు లాంటి నడకతో పోయాడు. అతని వీపు చెట్లలో కలిసేదాకా శ్రీరంగం చూస్తూ కూర్చున్నాడు. ఛాతీ మండుతున్నా లోపల ఎక్కడో గర్వంగా ఉంది. ఒక మనిషిని విడిపించానని అనుకున్నాడు.

*

పొద్దెక్కాక శబరి రేవులో పంచె ఎగగట్టి మోకాళ్ల లోతు దిగాడు. జూడీ నీళ్లు చూసి కుదురుగానే నిలబడింది. కుంకుడు పులుసు వీపు మీద పోసి, అట్టలు కట్టిన బొచ్చులో వేళ్లు పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. నాలుగుసార్లు రుద్దేసరికి ఆయాసం అందుకుంది. తల పక్కకి తిప్పి రుద్దాడు. నోటికి పైపంచె కట్టుకుని రుద్దాడు, దానితో వచ్చే కాస్త ఊపిరీ రాలేదు. పిల్లికూతలు రేవులో బట్టలు ఉతుకుతున్నవాళ్లకి కూడా వినబడ్డాయి. చివరికి నీళ్లలోనే ఒక రాయి మీద చతికిలబడ్డాడు. కుక్క తాడు చేతిలోంచి జారింది.

ఆ తాడు నీళ్లలో పోకుండా పట్టుకున్నది అన్నపూర్ణమ్మ. ఎప్పుడు వచ్చిందో, చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలో ఉంది. పసుపు రాసుకున్న చేతులతో కుక్క మెడ పట్టుకుంది. మడి బట్ట కట్టుకున్నాక చిన్నపిల్లల్ని కూడా ముట్టుకోనివ్వని మనిషి.

"నేను చేస్తాను" అన్నాడు శ్రీరంగం. ఆ రెండు ముక్కలూ రెండు ఊపిర్లలో వచ్చాయి.

"ఒడ్డుకు పోయి కూసోండి."

ఆమె పులుసు చేతిలో పోసుకుని బొచ్చులో రాసింది. వాసనకి మొహం పక్కకి తిప్పుకుని, మళ్లీ ఇటు తిప్పింది. కడుపు కింద రుద్దింది, కాళ్ల కుచ్చులు విడివిడిగా తీసి రుద్దింది. ఆమె చెయ్యి ఎంతో కాలంగా ఆ పని చేస్తున్నట్టే ఆడింది. పని నేర్చుకోవడానికి ఆమెకి మూడు రోజుల గడువు ఎవరూ ఇవ్వలేదు. ఏది కావాలో చూసుకోమనీ అనలేదు.

"ఇది ఇయ్యాలొక్కనాడేనా?" అన్నది తల ఎత్తకుండా.

శ్రీరంగం రాయి పట్టుకుని లేచాడు. "రోజూ" అన్నాడు.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. కోసకైతే పర్వానా ఉంది, చించడానికి పనికొచ్చింది. ఈమె పేరున ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. ఏది చించితే ఈమె ఒడ్డుకి వస్తుందో శ్రీరంగానికి తెలియలేదు. చెవులు జాగ్రత్త అని చెప్పాలనుకున్నాడు. సిగ్గేసి చెప్పలేకపోయాడు.

అన్నపూర్ణమ్మ చెంబుతో నీళ్లు ముంచింది. అతను మెల్లగా ఒడ్డుకి పోయి కూర్చున్నాడు.